చిన్నవాడు కదా అని వదిలేయాలా?

2018 మే 23. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, టాంపా నగరం. సముద్రపు ఖాతం ఒడ్డునే సాగే బేషోర్ బులవార్డ్ మీద ఇరవై నాలుగేళ్ల తల్లి తన ఇరవై ఒక్క నెలల పాపను తోపుడు బండిలో కూర్చోబెట్టుకుని రోడ్డు దాటుతోంది. అదే రోడ్డు మీద రెండు కార్లు పోటీ పడి దూసుకొస్తున్నాయి. మస్టాంగ్ నడుపుతున్న వాడికి పద్దెనిమిదేళ్లు. హైస్కూలు చదువు ముగించినందుకు ఇంట్లోవాళ్లు కానుకగా ఇచ్చిన కారది. రెండో కారు నడుపుతున్న వాడికి పదిహేడు. గంటకు 64 కిలోమీటర్లు మించకూడని ఆ రోడ్డు మీద మస్టాంగ్ ఒక దశలో 160 కిలోమీటర్లు దాటింది. చివరి క్షణంలో బ్రేకు వేసినా ఫలితం లేకపోయింది. తల్లీ బిడ్డా ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారు.

మస్టాంగ్ నడిపిన కుర్రాడు నేరం ఒప్పుకున్నాడు. 2021 ఏప్రిల్‌లో జడ్జి క్రిస్టఫర్ నాష్ అతనికి 24 ఏళ్ల జైలు శిక్ష వేశారు. తల్లి మరణానికి 9, బిడ్డ మరణానికి 15, ఒకటి ముగిశాక మరొకటి. ఆ నేరాలకు గరిష్ఠ శిక్ష 30 ఏళ్లు. తీర్పు వెలువడిన కొన్నాళ్లకే సోషల్ మీడియాలో పెద్ద ఉద్యమం మొదలైంది. కోర్టులో అతని ముఖం కనిపించే వీడియోలు ప్రపంచమంతా తిరిగాయి. శిక్ష తగ్గించాలని పిటిషన్లు వచ్చాయి, సంతకాలు వెల్లువెత్తాయి. చిన్నవాడు, అమాయకంగా ఉన్నాడు, చంపాలని చంపలేదు, అతని జీవితాన్ని ఎందుకు నాశనం చేస్తారు? దేశదేశాల నుంచీ ఇవే మాటలు.

ఈ మాటలు మన దగ్గరా కొత్తవి కావు. బాగా చదువుకునే కుర్రాడో, పెద్దింటి బిడ్డో రోడ్డు మీద మనిషిని చంపిన ప్రతిసారీ బంధువులు, లాయర్లు, ఒక్కోసారి బాధ్యత గల పెద్దమనుషులు కూడా ఇదే వరస అందుకుంటారు. ఏదో కుర్రతనం. పోయిన ప్రాణం ఎలాగూ తిరిగి రాదు. బతికున్నవాడి భవిష్యత్తును కూడా జైలుపాలు చేస్తే ఎవరికి లాభం? వినడానికి దయగా ఉంటుంది. అందుకే చాలామంది ఒప్పేసుకుంటారు. కానీ ఈ వాదన ఆసాంతం తప్పు. రోడ్డు రేసులో మనిషిని చంపినవాడు ఎంత చిన్నవాడైనా జైలుకు వెళ్లాలి. ఆ జైలు రోజుల్లో, నెలల్లో కాదు, ఏళ్లలో ఉండాలి.

మొదట కుర్రతనం సంగతి చూద్దాం. బండి నడిపే ఎవరికైనా ఒక క్షణం చూపు పక్కకు మళ్లవచ్చు, కునుకు పట్టవచ్చు. అలాంటి ఏమరుపాటుకు, రేసుకు పోలికే లేదు. రేసుకు ఇద్దరు కావాలి. ఇద్దరూ ఒప్పుకోవాలి. యాక్సిలరేటర్ మీద పాదం అలాగే నొక్కిపెట్టి ఉంచాలి. ముందు మలుపు కనబడినా, సిగ్నల్ కనబడినా, మనుషులు కనబడినా తగ్గకూడదని ప్రతిసారీ కొత్తగా అనుకోవాలి. గంటకు 160 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 44 మీటర్లు పోతుంది. ఎదురుగా మనిషిని చూసి, పాదం బ్రేకు మీదకు చేరేలోపే నలభై, యాభై మీటర్లు గడిచిపోతాయి. అది తెలుసుకోవడానికి భౌతికశాస్త్రం చదవక్కర్లేదు, నెల రోజులు బండి నడిపినవాడికి ఒంటికే తెలుస్తుంది. టాంపా కుర్రాడు అంతకు ముందు కూడా హైవే మీద విపరీతమైన వేగాలతో నడిపినట్టు కారులోని డేటా చెప్పింది, కోర్టు దాన్నీ లెక్కలోకి తీసుకుంది. అంటే ఆ రోజు జరిగింది కొత్తగా పుట్టిన తెగింపు కాదు. ఎవరూ ఆపనందువల్ల ముదిరిన అలవాటు.

ఈ విషయాన్ని ఎంతో లోతుగా తర్కించినవి జర్మనీ కోర్టులు. 2016 ఫిబ్రవరి 1, అర్ధరాత్రి దాటాక బెర్లిన్ నడిబొడ్డున కుర్ఫ్యూర్‌స్టెన్‌డామ్ అనే పెద్ద వీధిలో ఇద్దరు యువకులు రేసు మొదలుపెట్టారు. ఒకడికి 24, ఇంకొకడికి 26. ఎర్ర సిగ్నళ్లు ఒకదాని తర్వాత ఒకటి దాటుకుంటూ, గంటకు 160 కిలోమీటర్లకు పైగా వేగంతో వెళ్లారు. ఒక కూడలిలో పచ్చ సిగ్నల్ చూసుకుని తన దారిన వస్తున్న 69 ఏళ్ల పెద్దాయన జీపును వారిలో ఒకడు ఢీకొట్టాడు. జీపు దాదాపు డెబ్బై మీటర్ల దూరం ఎగిరిపడింది. పెద్దాయన అక్కడే చనిపోయాడు.

2017 ఫిబ్రవరిలో బెర్లిన్ కోర్టు ఇద్దరికీ హత్యానేరం కింద యావజ్జీవం విధించింది. రోడ్డు రేసులో హత్యానేరం నిలబెట్టడం జర్మనీలో అదే మొదటిసారి. ఏడాది తర్వాత ఫెడరల్ న్యాయస్థానం ఆ తీర్పును కొట్టేసింది. కారణం గమనించదగ్గది. ప్రమాదం తప్పదని డ్రైవర్లకు తెలిసేసరికి కారు కూడలిలోకి వచ్చేసింది, అప్పటికి ఆపడం వాళ్ల చేతుల్లో లేదు, ఆ క్షణాన పుట్టిన ఎరుకతో హత్యను ఎలా నిలబెడతారని ఆ కోర్టు అడిగింది. మళ్లీ విచారణ జరిగింది. 2019లో మళ్లీ యావజ్జీవమే. ఈసారి కోర్టు కూడలికి ముందున్న దూరాన్ని లెక్కగట్టింది. ఇంకా ఆపగలిగిన చోట, ఆపకపోతే మనుషులు చావవచ్చని తెలిసీ, గెలుపే ముఖ్యమనుకున్న చోట నేరం మొదలైందని చెప్పింది. 2020 జూన్‌లో ఫెడరల్ న్యాయస్థానం ఢీకొట్టిన డ్రైవరు విషయంలో ఆ తీర్పును ఖాయం చేసింది. రెండోవాడిపై హత్యానేరం నిలబడలేదు. తర్వాత హత్యాయత్నం కింద 13 ఏళ్ల శిక్ష పడింది.

యావజ్జీవం సరైనదా కాదా అన్నది వేరే చర్చ. బెర్లిన్ కోర్టు అడిగిన ప్రశ్న మాత్రం ప్రతి కోర్టూ అడగాల్సింది. ఆపగలిగినప్పుడు ఎందుకు ఆపలేదు? కుర్రతనం అనే జవాబు ఆ ప్రశ్న ముందు నిలవదు. చావు సంగతి మనసుకు తట్టనివాడికి, తట్టినా సరే అనుకున్నవాడికి మధ్య ఉన్న తేడా వయసుతో తేలేది కాదు.

మెదడు ఎదుగుదల గురించి చెప్పే వాదన ఇంకొంచెం బలమైనది. ఇరవై నాలుగు, ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా తొందరపాటును అదుపు చేసుకునే శక్తి పూర్తిగా కుదురుకోదని, స్నేహితులు పక్కనుంటే తెగింపు పెరుగుతుందని శాస్త్రజ్ఞులు చెబుతున్నది నిజమే. దాన్ని తోసిపుచ్చాల్సిన పని లేదు. అయితే దాని నుంచి తేలేది ఏమిటి? నలభై ఏళ్లవాడికి పదేళ్లు వేసే చోట పద్దెనిమిదేళ్లవాడికి ఏడేళ్లు వేయాలని తేలుతుంది. జైల్లో చదువు, పని, మధ్యలో ప్రవర్తన చూసి విడుదల చేసే వీలు ఉండాలని తేలుతుంది. అసలు శిక్షే వద్దని తేలదు. ఆ వయసులో ఓటు హక్కు ఇస్తున్నాం, సైన్యంలోకి తీసుకుంటున్నాం, టన్నున్నర బరువున్న యంత్రాన్ని జనం మధ్య తిప్పడానికి లైసెన్సు ఇస్తున్నాం. బాధ్యత దగ్గరకు వచ్చేసరికి మాత్రం పసివాడైపోతాడా?

ఇక్కడ మనసును కలిచివేసే విషయం ఒకటి ఉంది. ఈ దయ అందరికీ సమానంగా అందదు. పందొమ్మిదేళ్లకే లారీ స్టీరింగ్ పట్టి, రాత్రంతా నిద్ర లేక, యజమాని చెప్పిన గడువుకు సరుకు చేర్చాలని నడిపి, తెల్లవారుజామున ఎవరినో గుద్దిన క్లీనర్ కుర్రాడి భవిష్యత్తు గురించి పిటిషన్లు రావు. అతని మెదడు ఎదుగుదల గురించి టీవీలో నిపుణులు మాట్లాడరు. జనం చేతికి చిక్కితే దెబ్బలు, తర్వాత జైలు. అదే వయసు కుర్రాడు ఖరీదైన కారులో సరదా కోసం చంపితే మాత్రం అతని చదువు, అతని కలలు, అతని తల్లి కన్నీళ్లు చర్చకు వస్తాయి. టాంపా కేసులో అతని అందం కూడా చర్చకు వచ్చింది. చనిపోయిన పాప పెరిగి పెద్దయితే ఏమయ్యేదో ఊహించి సంతకాలు చేసినవాళ్లు ఎందరు?

తెలుగువాళ్లకు ఈ బాధ అవతలి వైపు నుంచి కూడా తెలుసు. 2023 జనవరి 23న సియాటిల్‌లో రోడ్డు దాటుతున్న ఆదోని అమ్మాయిని, అక్కడ చదువుకుంటున్న విద్యార్థినిని, ఒక పోలీసు కారు ఢీకొట్టి చంపింది. గంటకు 40 కిలోమీటర్ల పరిమితి ఉన్న చోట ఆ అధికారి 119 కిలోమీటర్ల వేగంతో వచ్చాడు. అది రేసు కాదు, అత్యవసర పిలుపు మీద వెళ్తున్నాడు. ఏడాది తర్వాత అక్కడి ప్రాసిక్యూటర్ అతనిపై తీవ్ర నేరాభియోగం పెట్టబోమని తేల్చేశారు. ఆ వార్త విన్న తెలుగువాళ్లందరూ ఒకే మాట అడిగారు, మనిషి ప్రాణానికి ఇంతేనా విలువ అని. డ్రైవరు వయసెంత, అతని భవిష్యత్తు ఏమిటని ఎవరూ అడగలేదు. పోయింది మన బిడ్డయితే న్యాయం ఎంత స్పష్టంగా కనబడుతుందో ఆ రోజు చూశాం. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పోయింది ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషయితే ఆ స్పష్టత ఎందుకు మసకబారాలి?

మన కోర్టుల చరిత్ర చూస్తే ఈ మసక ఎంత దట్టంగా ఉందో అర్థమవుతుంది. 1999 జనవరిలో ఢిల్లీ లోధీ కాలనీలో బీఎండబ్ల్యూ కారు కింద పడి ఆరుగురు చనిపోయారు. వారిలో ముగ్గురు పోలీసులు. కింది కోర్టు తీర్పు వచ్చింది 2008లో, అయిదేళ్ల శిక్ష. హైకోర్టు దాన్ని రెండేళ్లకు తగ్గించింది. 2012లో సుప్రీంకోర్టు నేరం పెద్దదేనని, అది కేవలం నిర్లక్ష్యం కాదని చెప్పింది. చెప్పి కూడా అప్పటికే అనుభవించిన జైలు చాలని, 50 లక్షల రూపాయలు కట్టి రెండేళ్లు సమాజసేవ చేయాలని ఆదేశించింది. 2006 నవంబర్‌లో ముంబై కార్టర్ రోడ్‌లో పేవ్‌మెంట్ మీద నిద్రపోతున్న ఏడుగురు కూలీలు తెల్లవారుజామున కారు కింద నలిగిపోయారు. కింది కోర్టు వేసింది ఆరు నెలలు. బాంబే హైకోర్టు దాన్ని మూడేళ్లు చేసింది. ఆ మూడేళ్లూ తక్కువేనని సుప్రీంకోర్టే అభిప్రాయపడింది, కానీ పెంచమని ప్రభుత్వం అప్పీలు చేయలేదు కాబట్టి అలాగే ఉంచేసింది. ఏడు ప్రాణాలకు మూడేళ్లు.

పంజాబ్‌లో ఇద్దరు చనిపోయిన ఒక కారు ప్రమాదం కేసులో నష్టపరిహారం కట్టాడన్న కారణంతో హైకోర్టు ఏడాది శిక్షను అప్పటికే గడిపిన 24 రోజులకు కుదించింది. 2015లో సుప్రీంకోర్టు దాన్ని తప్పుబట్టి ఆరు నెలలు చేసింది. ఇలాంటి మరణాలకు చట్టంలో ఉన్న శిక్షలను చట్టసభలు మళ్లీ పరిశీలించాలని ఆ తీర్పులోనే కోరింది. టాంపాలో ఇద్దరి ప్రాణాలకు 24 ఏళ్లు, ఇక్కడ ఇద్దరి ప్రాణాలకు 24 రోజులు సరిపోతాయనుకున్న హైకోర్టు. మొదటిది కఠినమని వాదించేవాళ్లు రెండోది ఎలా సాధ్యమైందో కూడా చెప్పాలి.

మైనర్ల సంగతి మరీ ఘోరం. 2016 ఏప్రిల్‌లో ఢిల్లీ సివిల్ లైన్స్‌లో మెర్సిడెస్‌తో ఒకరిని చంపిన కుర్రాడికి పద్దెనిమిది నిండడానికి నాలుగు రోజులే తక్కువ. మృతుడి సోదరే సుప్రీంకోర్టు దాకా వెళ్లి పోరాడినా, ఏడేళ్ల కనీస శిక్ష లేని నేరాన్ని ఘోరమైన నేరంగా పరిగణించడానికి వీల్లేదు కాబట్టి అతన్ని పెద్దవాడిగా విచారించలేమని 2020లో కోర్టు తేల్చింది. చట్టం అలా ఉంది, కోర్టు అలా చదివింది. 2024 మే 19 తెల్లవారుజామున పుణె కల్యాణి నగర్‌లో పదిహేడేళ్ల కుర్రాడి పోర్షే కారు ఇద్దరు యువ ఇంజినీర్ల ప్రాణాలు తీసింది. కొన్ని గంటల్లోనే బెయిలు. షరతుల్లో ఒకటి రోడ్డు ప్రమాదాలపై 300 మాటల వ్యాసం రాయాలని. దేశమంతా భగ్గుమంది. ఆ మంట వ్యక్తుల మీద చల్లారింది, చట్టం మీదకు మళ్లలేదు.

పెద్ద శిక్షలతో యువత భయపడదు, కాబట్టి జైలు దండగ అన్న వాదన కూడా తరచూ వినబడుతుంది. తన ప్రాణానికే భయపడనివాడు జైలుకు భయపడతాడా అని అడుగుతారు. నేరాన్ని ఆపేది శిక్ష పొడవు కాదు, దొరికిపోతామన్న, శిక్ష తప్పదన్న నమ్మకం అని నేరశాస్త్ర పరిశోధనలు దశాబ్దాలుగా చెబుతున్నమాట వాస్తవం. కానీ ఈ వాస్తవం జైలు వద్దనేవారికి సాయపడదు. మన దగ్గర శిక్ష పొడుగ్గా ఉండి విఫలం కావడం లేదు, శిక్ష తప్పించుకోవచ్చన్న ధీమా ఉండటం వల్ల విఫలమవుతోంది. డ్రైవరు స్థానంలో ఇంకొకరిని కూర్చోబెట్టవచ్చు, సాక్షులను తిప్పవచ్చు, పన్నెండేళ్లు కేసు సాగదీయవచ్చు. పుణెలో రక్త నమూనాలే మార్చారని పోలీసులు ఆరోపించి, ఆసుపత్రి డాక్టర్లను సైతం అరెస్టు చేశారు. తప్పదన్న నమ్మకం కలగాలంటే కనీసం ఇంత జైలు అని చట్టంలో రాసి ఉండాలి. పైగా శిక్షకు ఉన్న ప్రయోజనం భయపెట్టడం ఒక్కటే కాదు. తన కూతురిని, తన భార్యను పోగొట్టుకున్న మనిషికి ఈ సమాజం ఆ ప్రాణాన్ని లెక్కలోకి తీసుకుందని చెప్పేది కూడా అదే.

మరి 24 ఏళ్లు న్యాయమేనా? ఎక్కువే. పద్దెనిమిదేళ్లవాడు నలభై దాటాక బయటికి రావడంలో మొదటి పదేళ్ల తర్వాత మిగిలిన ఏళ్లు ఎవరికి ఏం చేస్తాయో చెప్పడం కష్టం. వయసు పెరిగేకొద్దీ మనిషిలో తెగింపు తగ్గుతుంది, అది లెక్కలో ఉండాల్సిందే. అంతకంటే తప్పుగా కనబడేది ఇంకొకటి ఉంది. రెండో కారు నడిపిన కుర్రాడు ప్రాసిక్యూషన్‌తో ఒప్పందానికి వచ్చి నేరం ఒప్పుకుని ఆరేళ్లతో బయటపడ్డాడు. ఇద్దరూ కలిసి చేసిన రేసు అది. ఎవరి బంపరుకు మనిషి తగిలిందన్నది మీటర్ల తేడాతో తేలిన విషయం. ఆ తేడాకు శిక్షలో నాలుగు రెట్లు తేడా ఉండటం ఏ తర్కానికీ నిలవదు. రేసు పెట్టుకున్న ఇద్దరూ ఆ చావుకు బాధ్యులే, శిక్ష దగ్గర దగ్గరగా ఉండాల్సిందే. ఇద్దరికీ ఎనిమిది, తొమ్మిదేళ్లు పడి ఉంటే ఆ తీర్పు మీద వేలెత్తి చూపడానికి ఏమీ మిగిలేది కాదు. కానీ సోషల్ మీడియా ఉద్యమంలో వినబడింది ఈ లెక్క కాదు. చిన్నవాడు, అతని జీవితాన్ని ఎందుకు నాశనం చేస్తారన్న మాటే.

ఇతర దేశాలు ఈ కొలత ఎలా కుదుర్చుకున్నాయో చూస్తే దారి కనబడుతుంది. కొలోన్‌లో 2015లో ఒక విద్యార్థిని సైకిలు మీద వెళ్తుండగా రేసులో ఉన్న కారు ఢీకొట్టి చంపింది. ఇద్దరు యువకులకూ శిక్ష వేసి, దాన్ని అమలు చేయకుండా నిలిపివేశారు, అంటే జైలుకు వెళ్లక్కర్లేదు. ఫెడరల్ న్యాయస్థానం ఆ నిలిపివేతను కొట్టేసింది. 2018లో వాళ్లు జైలుకు వెళ్లాల్సిందేనని తేలింది. 2017 అక్టోబర్‌లో జర్మనీ రోడ్డు రేసును ప్రత్యేక నేరంగా మార్చింది. ప్రమాదం జరగకపోయినా రేసు పెట్టుకోవడమే నేరం, మనిషి చనిపోతే పదేళ్ల వరకు జైలు, కారు స్వాధీనం. బ్రిటన్ 2022లో ప్రమాదకర డ్రైవింగ్‌తో చంపినవారికి గరిష్ఠ శిక్షను 14 ఏళ్ల నుంచి యావజ్జీవానికి పెంచింది. అక్కడి మార్గదర్శకాల ప్రకారం రేసు పెట్టుకోవడం అత్యంత తీవ్రమైన దోషాల్లో ఒకటి, అలాంటి కేసుల్లో శిక్ష పరిధి 8 నుంచి 18 ఏళ్లు. వయసు, పశ్చాత్తాపం శిక్ష తూకంలోకి వస్తాయి. జైలును తప్పించుకునేందుకు అవి టికెట్లు కావు.

2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో నూటికి డెబ్బై మందికి పైగా మరణాలకు కారణం అతివేగమేనని కేంద్ర రవాణా శాఖ లెక్క. ఇందులో రేసులు ఎన్నో విడిగా చెప్పే లెక్క లేదు, ఎందుకంటే రేసులో చంపడం మన చట్టంలో వేరే నేరమే కాదు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే అయిదేళ్ల వరకు జైలు. కనీసం ఇంత అన్నది లేదు. కునుకు పట్టిన లారీ డ్రైవరూ, సిగ్నల్ దాటి పందెం కాసిన కుర్రాడూ ఇద్దరూ అదే సెక్షన్ కిందికి రావచ్చు. ఢీకొట్టి పారిపోయినవారికి పదేళ్లు పెట్టిన రెండో భాగాన్ని 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మె చేసి ఆపించారు. వాళ్ల ఆందోళనలో న్యాయం ఉంది. ఆగితే జనం కొట్టి చంపుతారని వాళ్ల భయం. బతుకు కోసం నడిపేవాణ్ని, సరదా కోసం చంపేవాణ్ని ఒకే తాటికి కట్టే చట్టం ఇద్దరికీ అన్యాయం చేస్తుంది.

హైదరాబాద్‌లో రాయదుర్గం వైపు, టీ-హబ్, నాలెడ్జ్ సిటీ రోడ్ల మీద వారాంతపు రాత్రుల్లో బైకుల రేసులు, విన్యాసాలు జరుగుతుంటాయి. పోలీసులు అప్పుడప్పుడు దాడి చేసి బండ్లు పట్టుకుంటారు, తల్లిదండ్రులను పిలిచి చెబుతారు, వదిలేస్తారు. ఆ కుర్రాళ్లు మంచివాళ్లు కాదని ఎవరూ అనడం లేదు. వాళ్లలో చాలామంది ఇంటి దగ్గర మర్యాదగా ఉండేవాళ్లే, అమ్మానాన్నలకు బంగారు కొండలే. వాళ్లలో ఎవరో ఒకరు రేపు ఎవరి బిడ్డనో చంపకముందే ఆపడం వాళ్ల మీద నిజంగా చూపించే దయ.

పార్లమెంటు చేయాల్సిన పని కష్టమైనదేమీ కాదు. రోడ్డు మీద రేసును భారతీయ న్యాయ సంహితలోనే ప్రత్యేక నేరంగా రాయాలి. అందులో మనిషి చనిపోతే రేసులో పాల్గొన్న ప్రతివాడికీ కనీస జైలు శిక్ష ఉండాలి, ఇరవై అయిదేళ్లలోపు వారికి ప్రవర్తనను బట్టి సగం శిక్ష తర్వాత విడుదలయ్యే వీలుండాలి, జీవితాంతం లైసెన్సు ఇవ్వకూడదు. ప్రమాదం జరగకపోయినా బండి స్వాధీనం చేసుకోవాలి. ఈ రోజు మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం రోడ్డు మీద రేసు పెట్టుకుని మొదటిసారి దొరికితే మూడు నెలల వరకు జైలు, లేదా అయిదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.